మ్యూజియానికి తాళం పడితే మనకేం నష్టం?

కడప: లంకమల అడవుల అంచున, కలివి పొదల నడుమ, రాత్రిపూట మాత్రమే తిరిగే ఒక చిన్న పిట్ట ఉంది. దాని పేరు కలివికోడి. బద్వేలు, సిద్ధవటం ప్రాంతాల వారికి ఈ పేరు కొత్త కాదు. ఈ పిట్ట కోసమే తెలుగుగంగ కాలువ దారి మార్చవలసి వచ్చింది. ఈ పిట్ట కోసమే లంకమల అడవికి అభయారణ్యం హోదా దక్కింది. ఎక్కడెక్కడి నుంచో శాస్త్రజ్ఞులు వచ్చి, నేలను చదును చేసి, తెల్లవారాక దాని అడుగుజాడలు వెతుక్కుంటూ నెలల తరబడి ఇక్కడ మకాం వేశారు. ఇంత చేసినా దాని గూడు ఎలా ఉంటుందో, ఎక్కడ పెడుతుందో వారికి అంతుచిక్కలేదు.

మరి దాని గుడ్డు ఎలా ఉంటుంది? ఆ సంగతి మాత్రం తెలిసింది. తెలిసింది మన అడవిలో కాదు. సముద్రాలు దాటి స్కాట్లాండులో, అబర్దీన్ విశ్వవిద్యాలయం వారి జంతుశాస్త్ర మ్యూజియంలో, ఒక సొరుగులో.

ఇదేమి విచిత్రం అని పాఠకులు అనుకోవచ్చు. ఆ గుడ్డు కథ వింటే, మ్యూజియం అంటే సెలవు రోజున పిల్లలకు చూపించే వింత వస్తువుల కొట్టు కాదని అర్థమవుతుంది. అటువంటి మ్యూజియాలకు ఖర్చు తగ్గింపు పేరుతో ఒక్కొక్క దేశంలో తాళాలు పడుతున్నాయి. ఆ తాళం ఎక్కడో పడినా, దాని దెబ్బ కడప జిల్లా పల్లె వరకు ఎలా తగులుతుందో తెలుసుకోవడం అవసరం.

సొరుగులో దొరికిన గుడ్డు

కలివికోడిని తొలిసారి లోకానికి తెలియజేసినవాడు జెర్డాన్ అనే ఆంగ్లేయ సైనిక వైద్యుడు. అది 1848 నాటి మాట. ఆ తర్వాత 1900 ప్రాంతం వరకు అడపాదడపా కనిపించి, ఆపైన మాయమైంది. ఎనభై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడకపోవడంతో ఆ జాతి అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ మన జిల్లాలో వెతుకుతుండగా, స్థానికుడైన ఒక వేటగాడు రాత్రివేళ దీపం వెలుగులో సజీవంగా ఉన్న పిట్టను పట్టి చూపించాడు. ప్రపంచమంతటా పక్షి శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోయారు. కడప పేరు విదేశీ పత్రికలకెక్కింది.

ఇక గుడ్డు సంగతి. 1917లో కోలారు బంగారు గనుల వద్ద పనిచేసిన ఒక పశువైద్యుడికి పక్షి గుడ్లు సేకరించే అలవాటు ఉండేది. ఆయన పోగుచేసిన గుడ్లు స్కాట్లాండుకు చేరి, అక్కడ ఒక బడిలో ఉండి, 1970లలో అబర్దీన్ మ్యూజియానికి దక్కాయి. వాటిలో ఒకటి కలివికోడిదన్న సంగతి చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. ఆ సొరుగు తీసి చూసినవారికి అనుమానం వచ్చింది. గుడ్డు నుంచి తీసిన డి.ఎన్.ఎ.ను, మరొక మ్యూజియంలో వందేళ్లకు పైగా భద్రపరిచిన కలివికోడి చర్మంతో సరిపోల్చారు. రెండూ ఒకటేనని తేలింది. కలివికోడిదని రుజువైన గుడ్డు ప్రపంచంలో అదొక్కటే.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఆ గుడ్డు నూరేళ్లపాటు ఏ ప్రదర్శనలోనూ లేదు. టిక్కెట్టు కొని దాన్ని చూసినవారు లేరు. లెక్కల గుమాస్తా ఎవరైనా ఆ గది చూసి ఉంటే, ఈ పాత గుడ్లకు ఇంత చోటెందుకు, కరెంటు ఖర్చెందుకు అని అడిగి ఉండేవాడు. ఎవరూ అడగలేదు కనుకనే మిగిలింది. ఒకవేళ అడిగినా, కాదనగలిగిన ఉద్యోగి ఒకడు అక్కడ ఉండి ఉంటాడు.

కోత మొదట పడేది ఇక్కడే

ప్రభుత్వానికి గాని, విశ్వవిద్యాలయానికి గాని డబ్బుకు కటకట వచ్చినప్పుడు ముందుగా దేన్ని తగ్గిస్తారు? నోరున్న వారి జోలికి పోరు. రోడ్డు ఆపితే జనం ధర్నా చేస్తారు. పింఛను ఆపితే ఓట్లు పోతాయి. సీసాలోని పాముకు ఓటు లేదు. సొరుగులోని సీతాకోకచిలుక ధర్నా చేయదు. అందుచేత కోత కత్తి మొదట అటే తిరుగుతుంది.

కోత ఒక్కసారిగా రాదు. మొదట ఖాళీ అయిన ఉద్యోగం భర్తీ కాదు. తర్వాత మరమ్మతుల పద్దు తగ్గుతుంది. పైకప్పు కారుతుంది. సీసాల్లో స్పిరిట్ ఆవిరై తగ్గినా మళ్లీ పోసేవారుండరు. పురుగు మందు వేయవలసిన పెట్టెలకు వేళ తప్పుతుంది. ఒక గది మూస్తారు, తర్వాత రెండో గది. చివరికి గేటుకు కాగితం అంటిస్తారు. ఆ కాగితం చూసి ఊరివారు మ్యూజియం ఈ రోజు మూతపడిందనుకుంటారు. నిజానికి అది మూతపడడం మొదలై పదేళ్లయి ఉంటుంది.

మన ఊళ్లలో చెరువు గట్టు తెగడం కూడా ఇలాగే కదా. తెగిన రోజు అందరికీ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి గండి పూడ్చని సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇలినాయ్‌లో తొమ్మిది నెలలు

అమెరికాలో ఇలినాయ్ అనే రాష్ట్రం ఉంది. మొక్కజొన్న, సోయాబీన్ విరివిగా పండే నేల. దాని రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని రాష్ట్ర మ్యూజియం 1877లో ఏర్పడింది. మంచుయుగం నాటి జంతువుల ఎముకలు, ఆదివాసుల పనిముట్లు, మొక్కలు, గవ్వలు అన్నీ కలిపి 1 కోటి 30 లక్షలకు పైగా వస్తువులు దాని అధీనంలో ఉన్నాయి. మరికొన్ని ఊళ్లలో దానికి శాఖలు కూడా ఉండేవి.

2015లో ఆ రాష్ట్ర గవర్నరుకు, శాసనసభకు బడ్జెట్ విషయంలో పేచీ వచ్చింది. గవర్నరు ఒక పార్టీ, శాసనసభలో మెజారిటీ మరొక పార్టీ. ఇద్దరి మధ్య రాజీ కుదరక రాష్ట్రానికి పూర్తి బడ్జెట్ లేకుండానే రెండేళ్లు గడిచాయి. ఆ పేచీలో ఖర్చు తగ్గింపు కింద మ్యూజియం మూసివేతకు ఉత్తర్వు వెలువడింది. 2015 అక్టోబరు 1 నుంచి తలుపులు మూసుకున్నాయి.

ఇక్కడొక తమాషా జరిగింది. ఉద్యోగులను తొలగించడంపై సంఘం వారు కోర్టుకెక్కారు. తొలగింపు ఆగింది. అందువల్ల జనం లోపలికి రాకుండా తలుపు మూసిన కాలంలో కూడా లోపలి సిబ్బందికి జీతాలు ఇవ్వవలసి వచ్చింది. పిల్లలకు ప్రవేశం లేదు, ఖజానాకు అనుకున్న ఆదా లేదు.

చివరికి 2016 జూలై 2న, తొమ్మిది నెలల తర్వాత తలుపులు తెరిచారు. పెద్దలకు 5 డాలర్ల ప్రవేశ రుసుము పెట్టారు. చికాగో నగరంలోని ప్రదర్శనశాల మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. తలుపైతే తెరిచారు గాని, ఈలోగా ఎందరో అనుభవజ్ఞులు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు, కొందరు పదవీ విరమణ చేశారు. అమెరికా మ్యూజియాల సంఘం వారు ఆ సంస్థ గుర్తింపును పరిశీలన కింద పెట్టారు.

ఏ ఎముక ఏ పెట్టెలో ఉందో, ఏ చీటీ ఎవరి చేతిరాతో తెలిసిన మనిషి వెళ్లిపోతే, ఆ తెలివి ఆయనతోనే పోతుంది. ఊళ్లో పాత కరణం పోయాక పొలం హద్దులు తేల్చడం ఎంత కష్టమో మనవారికి చెప్పనక్కరలేదు.

ఇది ఒక్క ఇలినాయ్ సంగతి కాదు. 2024 ఫిబ్రవరిలో అదే దేశంలో డ్యూక్ విశ్వవిద్యాలయం తన మొక్కల నమూనాల భాండాగారాన్ని మూసివేస్తామని ప్రకటించింది. దాన్ని 1921లో స్థాపించారు. అందులో 8 లక్షల 25 వేల ఎండు మొక్కల నమూనాలున్నాయి. వాటిని నిర్వహించే ఖర్చు, చోటు తాము భరించలేమని, వేరే సంస్థలకు తరలిస్తామని యాజమాన్యం చెప్పింది. డబ్బున్న విశ్వవిద్యాలయంగా పేరు పొందిన సంస్థే ఆ మాట అంటే, పేద సంస్థల గతి ఏమిటి?

రియోలో మొదట చెదలు, తర్వాత మంట

ఇలినాయ్ మ్యూజియానికి తలుపైనా మళ్లీ తెరుచుకుంది. బ్రెజిల్ దేశంలో అంతకంటే ఘోరం జరిగింది.

రియో డి జనీరో నగరంలోని జాతీయ మ్యూజియం 1818లో ఏర్పడింది. ఒకనాడు చక్రవర్తులు కాపురమున్న రాజభవనంలో అది ఉండేది. 2 కోట్ల వస్తువులు అందులో ఉండేవి. పురుగులే 50 లక్షలు. ఉల్కలు, శిలాజాలు, ఈజిప్టు మమ్మీలు, 1975లో తవ్వకాల్లో దొరికిన ‘లూజియా’ అనే స్త్రీ పుర్రె అన్నీ అక్కడివే. ఆ పుర్రె వయసు 11 వేల ఏళ్లకు పైమాటే. అమెరికా ఖండాల్లో బయటపడిన అతి పాత మానవ అవశేషాల్లో అదొకటి.

ఇంతటి సంస్థకు జీతాలు కాక నిర్వహణ కింద ఏటా రావలసిన మొత్తం 5 లక్షల 20 వేల రియాల్. ఆనాటి మారకం రేటున మన లెక్కలో సుమారు 90 లక్షల రూపాయలు. 2 కోట్ల వస్తువులకు పంచి చూస్తే ఒక్కొక్కదానికి ఏడాదికి అర్ధరూపాయి కూడా పడదు. ఆ అర్ధరూపాయి కూడా 2014 తర్వాత పూర్తిగా అందలేదు. 2015 జనవరిలో ఊడ్చేవారికి, కాపలాదారులకు జీతాలు చెల్లించలేక మ్యూజియాన్ని కొన్నాళ్లు మూసివేశారు. అంతకుముందు ఏడాది అదే దేశం ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిపింది. మరుసటి ఏడాది అదే నగరం ఒలింపిక్స్ జరిపింది. స్టేడియాలకు డబ్బు దొరికింది. చీపురు పట్టేవాడి జీతానికి దొరకలేదు.

తర్వాత చెదలు వచ్చాయి. పిల్లలు ఎంతో ఇష్టపడే రాక్షసబల్లి అస్థిపంజరం కింది చెక్క పీఠాన్ని చెదలు తినేశాయి. ఆ గది మూతపడింది. పీఠం బాగుచేయడానికి ప్రభుత్వం వద్ద పైకం లేదని, మ్యూజియం వారు ప్రజల వద్ద చందాలెత్తారు. 50 వేల రియాల్‌కు పైగా పోగైంది. మన ఊళ్లో రాములవారి గుడికి చందాలు వేసుకున్నట్లు ఆ ఊరివారు రాక్షసబల్లికి చందాలు వేశారన్న మాట.

2018 జూన్‌లో మ్యూజియానికి రెండు వందల ఏళ్లు నిండాయి. ఆ నెలలోనే ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకుతో ఒప్పందం కుదిరింది. 2 కోట్ల 17 లక్షల రియాల్, అంటే సుమారు 38 కోట్ల రూపాయలు ఇస్తామన్నారు. అందులో అగ్ని ప్రమాద నివారణ ఏర్పాట్లకు కూడా సొమ్ము ఉంది. ఎట్టకేలకు మంచిరోజులు వచ్చాయని సిబ్బంది సంతోషించారు.

డబ్బు చేతికి రాకముందే, 2018 సెప్టెంబరు 2వ తేదీ ఆదివారం సాయంత్రం, సందర్శకులు వెళ్లిపోయాక మంటలు లేచాయి. అగ్నిమాపక దళం వచ్చింది. దగ్గరి గొట్టాల్లో నీరు లేదు. ట్యాంకర్లకు కబురు పెట్టి, పక్కనున్న ఉద్యానవనంలోని చెరువు నుంచి నీరు తోడవలసి వచ్చింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అన్న సామెత అక్కరకు రావడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. కొందరు ఉద్యోగులు ప్రాణాలకు తెగించి లోపలికి చొరబడి, చేతికందిన గవ్వల నమూనాల సొరుగులను మోసుకొచ్చారు. తెల్లవారేసరికి నాలుగు గోడలు మిగిలాయి.

అదృష్టవశాత్తు ఎవరి ప్రాణమూ పోలేదు. సమావేశ మందిరంలోని ఎయిర్ కండిషనర్ వద్ద మంట మొదలైందని దర్యాప్తులో తేలింది. ఆ ఏడాది నిర్వహణ కింద మ్యూజియానికి అప్పటికి ముట్టినది 54 వేల రియాల్ అని వార్తలు వెలువడ్డాయి. మన లెక్కలో 9 లక్షల రూపాయల పైచిలుకు. వస్తువు ఒక్కింటికి ఐదు పైసలు.

మూగబోయిన గొంతులు

బూడిదలో వెతకగా కొన్ని దొరికాయి. లూజియా పుర్రె ముక్కలై దొరికింది. అందులో దాదాపు 80 శాతం గుర్తించారు. 5 టన్నులకు పైగా బరువున్న ‘బెండెగో’ ఉల్క చెక్కుచెదరలేదు. ఆకాశం నుంచి మండుతూ పడిన రాయిని ఈ మంట ఏం చేస్తుంది! వేరే భవనంలో ఉన్న ఎండు మొక్కల నమూనాలు, గ్రంథాలయం బతికి బయటపడ్డాయి. పురుగుల నమూనాలు మాత్రం దాదాపుగా అన్నీ పోయాయి.

వీటన్నింటికంటే మనసు కలచివేసేది మరొకటి ఉంది. బ్రెజిల్ అడవుల్లోని గిరిజన జాతుల భాషలను, పాటలను రికార్డు చేసి ఆ మ్యూజియంలో దాచారు. వాటిలో కొన్ని భాషలు మాట్లాడేవారు ఇప్పుడు ఒక్కరు కూడా లేరు. ఆ మాటలు వినబడే చోటు లోకంలో ఆ టేపులే. అవి కాలిపోయాయి. ఒక ముసలమ్మ జోలపాట, ఒక వేటగాడు చెప్పిన కథ, ఆ జాతి వారు వానకు పెట్టుకున్న పేరు ఇక ఎవరికీ వినిపించవు.

ఆ తర్వాత ప్రభుత్వం కదిలింది. విదేశాలు సాయం చేశాయి. పునర్నిర్మాణానికి ముందు అడిగిన దానికి ఎన్నో రెట్లు ఖర్చవుతోంది. 2025లో భవనంలో కొద్దిభాగాన్ని తాత్కాలికంగా జనానికి తెరిచి ఆ ఉల్కను మళ్లీ చూపించారు. గోడలు లేస్తాయి. పైకప్పు వస్తుంది. 50 లక్షల పురుగులు మాత్రం రావు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే చల్లదనం దక్కుతుందేమో గాని, పోయిన చర్మం తిరిగిరాదు.

రైతుకు దీనితో పనేమిటి?

“ఎక్కడో పురుగులు కాలిపోతే మాకేం? ఉన్న పురుగులతోనే చస్తున్నాం” అని రైతు సోదరులు అనవచ్చు. సబబైన మాటే. జవాబు కూడా పొలంలోనే ఉంది.

బొప్పాయి వేసిన రైతులకు పిండినల్లి గురించి తెలుసు. కాయలపై, ఆకులపై తెల్లటి పిండిలా పేరుకుని చెట్టును పీల్చి చంపుతుంది. మన దేశంలో ఇది 2008లో కోయంబత్తూరు వద్ద మొదట కనిపించింది. మల్బరీ తోటలను, టేపియోకాను కూడా పట్టింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. అప్పుడు కావలసిన మొదటి సమాచారం ఏమిటి? ఇది ఏ జాతి నల్లి, దీని పుట్టిల్లు ఎక్కడ అన్నది. పిండినల్లులు వందల రకాలు. కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. మ్యూజియాల్లో భద్రపరచిన నమూనాలతోను, వాటి ఆధారంగా రాసిన వర్ణనలతోను పోల్చితేగాని ఏది ఏదో తేలదు.

ఇది మెక్సికో ప్రాంతపు నల్లి అని తేలింది. పుట్టింట దాన్ని అదుపులో పెట్టే చిన్న కందిరీగ జాతులు ఉన్నాయని తెలిసింది. 2010లో మూడు రకాల పరాన్నజీవి కందిరీగలను ప్యూర్టోరికో నుంచి తెప్పించి, బెంగుళూరులోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో పెంచి తోటల్లో వదిలారు. పిండినల్లి అణిగింది. మందు డబ్బాల ఖర్చు తప్పింది. ఆ నల్లి పేరు తెలియకపోతే దాని శత్రువు పేరు తెలిసేది కాదు.

ఇంకొక ఉదాహరణ డి.డి.టి.ది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ మందును ప్రపంచమంతా విరివిగా చల్లారు. కొన్నాళ్లకు బ్రిటన్‌లో డేగలు తగ్గిపోవడం మొదలైంది. గూళ్లలో గుడ్లు పగిలిపోతున్నాయి. కారణం తెలియలేదు. 1967లో రాట్‌క్లిఫ్ అనే శాస్త్రజ్ఞుడు మ్యూజియాల్లోను, సేకర్తల వద్దా ఉన్న పాత డేగ గుడ్లను తూచి, కొలిచి చూశాడు. 1947 ప్రాంతం నుంచి గుడ్డు పెంకు పలచబడుతూ వచ్చిందని కనుగొన్నాడు. ఆ మందు వాడకం పెరిగిన కాలమూ అదే. అమెరికాలో కూడా ఇదేవిధంగా పాత గుడ్లు కొలిచి చూస్తే అదే ఫలితం కనిపించింది. 1972లో అమెరికా, 1989లో మన దేశం వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని నిషేధించాయి.

ఆ గుడ్లు పోగు చేసినవారికి డి.డి.టి. అంటే ఏమిటో తెలియదు. వారి కాలానికి అది వాడుకలోనే లేదు. రేపు ఏ ప్రశ్న వస్తుందో ఈ రోజు దాచేవాడికి తెలియదు. విత్తనపు గింజలను గాదెలో దాచే రైతుకు వచ్చే ఏడు వాన ఎప్పుడు పడుతుందో తెలుసా? అయినా దాస్తాడు. ఇదీ అంతే.

బియ్యమా, బొమికలా?

డబ్బు చాలనప్పుడు ఆసుపత్రికి ఇవ్వాలా, బొమికలకు ఇవ్వాలా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు. పసిబిడ్డకు మందు లేనిచోట పాత శిలాజానికి ఎయిర్ కండిషనర్ పెట్టమంటే ఎవరికైనా కోపం వస్తుంది.

కాని రెండు సంగతులు ఆలోచించాలి. మొదటిది, మ్యూజియం గొంతు నొక్కి మిగిల్చిన సొమ్ము ఆసుపత్రికి చేరిందా? రియోలో మిగిల్చింది మన లెక్కన ఏడాదికి కొన్ని లక్షలు. ఇలినాయ్‌లో తలుపు మూసి జీతాలిచ్చారు. రెండోది, రోడ్డు ఈ ఏడాది వేయకపోతే పైయేడాది వేసుకోవచ్చు. భవనం కూలితే కట్టుకోవచ్చు. 1917 నాటి గుడ్డును ఏ బడ్జెట్ పెట్టి కొంటాం? ఆగితే నష్టం లేని ఖర్చు వేరు, ఆగితే తిరిగిరాని ఖర్చు వేరు. ఈ రెండింటికీ ఒకే కత్తెర వేయడంలోనే పొరపాటుంది.

అలాగని మ్యూజియాల వారి తప్పు లేదనడానికి కూడా లేదు. లోపల ఏముందో జనానికి చెప్పక, తలుపులు బిగించుకుని కూర్చుంటే, కోత పడిన రోజున జనం వారి పక్షాన ఎందుకు నిలుస్తారు? రాక్షసబల్లికి చందాలిచ్చిన రియో ప్రజలను చూస్తే, చెబితే వినేవారు ఉంటారనే తెలుస్తోంది.

మన ఇంటి సంగతి

మన తెలుగునాట కూడా చూసి గర్వించదగినవి ఉన్నాయి. ప్రాణహిత, గోదావరి లోయలోని రాళ్లలో రాక్షసబల్లుల ఎముకలు లభించాయి. నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి వద్ద 1970లలో భూగర్భ శాస్త్ర సర్వే వారు ఒక్కచోటనే 840 ఎముక భాగాలను సేకరించారు. కనీసం పన్నెండు జంతువులవని లెక్కతేలింది. 1988లో యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు ఆ జంతువుకు ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. ఒక తెలుగు పల్లె పేరు ఆ విధంగా ప్రపంచ శాస్త్ర గ్రంథాలకెక్కింది. ఆ ఎముకలతో కూర్చిన అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడింది. 16 కోట్ల ఏళ్లకు తక్కువ కాని వయసు దానిది.

ఢిల్లీలో 1978లో ప్రారంభమైన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26న అగ్నికి ఆహుతైంది. అది నిధుల కోత వల్ల అని చెప్పలేం గాని, రియోకు రెండేళ్ల ముందే మనకు అందిన హెచ్చరిక అది. ఆ మ్యూజియానికి మైసూరు, భోపాల్, భువనేశ్వర్ వంటి చోట్ల ప్రాంతీయ శాఖలు ఏర్పడ్డాయి. మన జిల్లావారికి దగ్గరిది మైసూరు. విహారయాత్రకు పిల్లలను తీసుకువెళ్లే ఉపాధ్యాయులు జంతు ప్రదర్శనశాలతోపాటు కారంజి చెరువు గట్టునున్న ఆ మ్యూజియాన్ని కూడా చూపించవచ్చు.

అన్నిటికంటే దగ్గరి మ్యూజియం మరొకటి ఉంది. అది మీ ఊరి ఉన్నత పాఠశాలలో సైన్సు గది బీరువా. ఫార్మలిన్ సీసాలో పాము, అట్టకు గుచ్చిన సీతాకోకచిలుక, పాత వార్తాపత్రికల మధ్య ఎండబెట్టిన ఆకులు చాలా బళ్లలో పెద్దలకు గుర్తే. ఏ మాస్టారో ఓపికగా చేసి ఉంటారు. ఆయన బదిలీ అయ్యాక తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలియదు. చీటీలు ఊడిపోయాయి. సీసా అడుగంటింది. ఇలినాయ్‌లో గవర్నరు ఉత్తర్వుతో జరిగింది ఇక్కడ ఏ ఉత్తర్వూ లేకుండానే జరిగిపోతుంది.

దీన్ని బాగుచేయడానికి పెద్ద గ్రాంటు అక్కరలేదు. బీరువా తెరిచి, దుమ్ము దులిపి, ప్రతి వస్తువుకు ఒక చీటీ రాయించాలి. ఏమిటిది, ఏ ఊళ్లో దొరికింది, ఏ తేదీన, ఎవరు తెచ్చారు. ఈ నాలుగు మాటలు లేకపోతే పాము సీసా వింత వస్తువు మాత్రమే. ఉంటే అది సాక్ష్యం. కోలారు పశువైద్యుడి గుడ్డును నూరేళ్ల తర్వాత గుర్తుపట్టగలిగారంటే, అది ఎక్కడిది, ఎప్పటిది, ఎవరిది అన్న సంగతి పోకుండా ఉండడమే అందుకు ఊతం.

పొలం దున్నుతుంటే వింత రాయి, ఎముక వంటిది బయటపడితే పగలగొట్టవద్దు. చోటు గుర్తుపెట్టుకుని బడికో, తహసీల్దారు కార్యాలయానికో తెలియజేయండి. పంచాయతీలవారు, విద్యాకమిటీలవారు ఏడాదికోసారైనా ఆ బీరువా తాళంచెవి ఎవరి వద్ద ఉందో వాకబు చేయాలి.

లంకమలలో కలివికోడి ఈ రాత్రి కూడా ఏ పొద కిందో తిరుగుతూ ఉండవచ్చు. దాని గుడ్డు ఎలా ఉంటుందని మన పిల్లవాడు అడిగితే జవాబు చెప్పగలుగుతున్నామంటే, ఎక్కడో ఒక సొరుగుకు నూరేళ్లు కాపలా ఉంది గనుకనే. ఆ కాపలావాడి జీతం కోసేటప్పుడు ఈ సంగతి ఒక్కసారి తలచుకుంటే చాలు.